బిగ్ బజార్ ఎందుకు మూతపడింది? జనం నిండుగా ఉన్న షాపు కూడా ఎలా మునిగిపోతుంది?

ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది బిగ్ బజార్ గురించి. మీలో చాలామంది చిన్నప్పుడు అమ్మానాన్నలతో వెళ్లి, ఆ ట్రాలీలో కూర్చుని షాపంతా తిరిగిన బ్యాచే అయ్యుంటారు. జనవరి 26 వస్తోందంటే పేపర్లో పేజీ నిండా యాడ్. బుధవారం వచ్చిందంటే ప్రత్యేకంగా ఆఫర్లు. ఇంట్లో పాత బట్టలు, పాత పేపర్లు మోసుకెళ్లి ఇస్తే కూపన్లు. బిల్లింగ్ దగ్గర అరగంట లైను.

ఇప్పుడు అదే బిల్డింగ్ ముందుకు వెళ్తే చాలా చోట్ల స్మార్ట్ బజార్ అనే బోర్డు కనిపిస్తుంది. అది రిలయన్స్ వాళ్లది. బిగ్ బజార్ అనే పేరు మాత్రం ఎక్కడా లేదు.

మరి అంత జనం వచ్చే షాపు ఎలా మూతపడింది? ఎవర్ని అడిగినా, "అమెజాన్, రిలయన్స్ కొట్టుకున్నాయి, మధ్యలో ఇది నలిగిపోయింది" అంటారు. అందులో నిజం ఉంది, కానీ అది సగం కథే. ఆ కొట్లాట మొదలయ్యేసరికే బిగ్ బజార్‌ని నడిపే కంపెనీ పీకల్లోతు అప్పుల్లో ఉంది. అప్పుల్లో ఉంది కాబట్టే అమ్మకానికి వచ్చింది. మిగతా సగం ఈ రోజు చూద్దాం.

అసలు ఎలా మొదలైంది?

కిశోర్ బియానీ. ముంబైలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. ముందు ప్యాంట్ల బ్రాండ్, తర్వాత పాంటలూన్స్ షాపులు పెట్టారు. 2001లో బిగ్ బజార్ మొదలుపెట్టారు. 22 రోజుల్లో మూడు షాపులు తెరిచారు: కోల్‌కతా, బెంగళూరు, మన హైదరాబాద్. అంటే దేశంలో మొట్టమొదటి మూడు బిగ్ బజార్లలో ఒకటి మన దగ్గరే వచ్చింది.

ఈ ఐడియాకి స్ఫూర్తి అమెరికా వాల్‌మార్ట్ అని చాలామంది అనుకుంటారు. బియానీ మాత్రం చెన్నై టీ నగర్‌లోని శరవణ స్టోర్స్‌ని చూసి నేర్చుకున్నానని చెప్పారు. అక్కడ ఎప్పుడు చూసినా ఇసకేస్తే రాలనంత జనం. తక్కువ లాభం వేసుకుని ఎక్కువ సరుకు అమ్మడం వాళ్ల పద్ధతి.

ఇంకో విషయం. మరీ నీట్‌గా, ఖాళీగా, ఏసీతో మెరిసిపోయే షాపు చూస్తే మన మధ్యతరగతి వాళ్లు "అమ్మో, ఇక్కడ రేట్లు ఎక్కువుంటాయి" అని గుమ్మంలోనే ఆగిపోతారని బియానీ గమనించారు. అందుకే షాపులో కావాలనే కాస్త సంత వాతావరణం పెట్టించారు. ఇరుకు దారులు, కుప్పలు పోసిన బట్టలు, మైకులో కేకలు. చూడగానే "ఇక్కడ చవక" అనిపించాలి. ఆ లెక్క బాగా పనిచేసింది. 2006 జనవరి 26న మొదటిసారి "సబ్‌సే సస్తా దిన్" పెడితే, జనాన్ని ఆపలేక కొన్ని చోట్ల పోలీసుల్ని పిలవాల్సి వచ్చింది.

కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. కస్టమర్లు రాకపోవడం వల్ల ఈ షాపు మునగలేదు.

డిస్కౌంట్ షాపులో అసలు మిగిలేది ఎంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది అర్థం కావడానికి నేను వేస్తున్న ఉదాహరణ మాత్రమే, కంపెనీ లెక్క కాదు.

వంద రూపాయల ఎమ్మార్పీ ఉన్న సరుకుని షాపు మీకు 90కి ఇచ్చింది అనుకోండి. ఆ సరుకు షాపుకి 77కి వచ్చింది. మధ్యలో 13 రూపాయలు. "అబ్బో, 13 రూపాయలు లాభమా?" అనకండి. అందులో అద్దెకి 4, జీతాలకి 4, కరెంటుకి, రవాణాకి కలిపి 2, పాడైపోయిన, దొంగతనంగా పోయిన సరుకు కింద 1. మొత్తం 11 పోయింది. చేతిలో మిగిలింది 2 రూపాయలు.

ఇప్పుడు ఆ షాపు అప్పు చేసి పెట్టింది అనుకోండి. వడ్డీ వాటా 3 రూపాయలు పడింది. అంతే, షాపు నిండా జనం ఉన్నా, ప్రతి వస్తువు మీద రూపాయి నష్టం.

డిస్కౌంట్ వ్యాపారం అంటే ఇదే. ఇందులో లాభం రేకంత పల్చగా ఉంటుంది. అద్దె కొంచెం పెరిగినా, వడ్డీ కొంచెం పెరిగినా, ఒక నెల అమ్మకాలు పడిపోయినా ఆ రేకు చిరిగిపోతుంది. అద్దెకి, వడ్డీకి సెలవులు ఉండవు కదా. అమ్మకాలు జీరో అయినా ఒకటో తారీఖు వస్తుంది.

అప్పు మీద అప్పు

ఫ్యూచర్ గ్రూప్ పెరిగిన విధానం చూడండి. బిగ్ బజార్, ఫుడ్ బజార్, సెంట్రల్, బ్రాండ్ ఫ్యాక్టరీ, హోమ్ టౌన్, ఈజోన్, ఇన్సూరెన్స్ కూడా. ఒకటి నిలదొక్కుకోకముందే ఇంకొకటి. దీనికంతటికీ డబ్బు? చాలావరకు అప్పు.

మొదటి గంట 2012లోనే మోగింది. అప్పుల భారం తగ్గించుకోవడానికి బియానీ తన మొదటి బిడ్డలాంటి పాంటలూన్స్‌ని ఆదిత్య బిర్లా గ్రూప్‌కి ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ దెబ్బతో జాగ్రత్తపడ్డారా అంటే, కొన్నాళ్లకే మళ్లీ కొనుగోళ్లు మొదలయ్యాయి. 2014లో నీల్‌గిరీస్. 2015లో భారతీ వాళ్ల ఈజీడే షాపులు. 2016లో మన హెరిటేజ్ ఫుడ్స్ వాళ్ల రిటైల్ వ్యాపారం. అంటే హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఉన్న హెరిటేజ్ ఫ్రెష్ షాపులు, మొత్తం 124. 2017లో 655 కోట్లకి హైపర్‌సిటీ. చివరికి ఫ్యూచర్ రిటైల్ చేతిలో అన్నీ కలిపి 1,500కి పైగా షాపులయ్యాయి.

పైగా ప్రమోటర్లు, అంటే యజమాని కుటుంబం, తమ షేర్లు తాకట్టు పెట్టి కూడా అప్పులు తెచ్చారు. షేర్ ధర బాగున్నన్నాళ్లు తాకట్టు వల్ల ఇబ్బంది తెలియదు. ధర పడిందంటే మాత్రం అప్పిచ్చినవాడు "ఇంకా షేర్లు పెట్టు, లేదంటే ఉన్నవి తీసుకుంటా" అంటాడు.

అదే టైంలో డీమార్ట్ ఏం చేసింది?

పోలిక లేకపోతే ఇది పూర్తిగా అర్థం కాదు. రాధాకిషన్ దమానీ మొదటి డీమార్ట్‌ని 2002లో ముంబై పవయీలో తెరిచారు. అంటే బిగ్ బజార్ తర్వాత ఏడాదికి. అదే చవక ధరల వ్యాపారం, అదే మధ్యతరగతి కస్టమర్.

తేడా రెండు చోట్ల. ఒకటి, డీమార్ట్ వీలైనంతవరకు స్థలం సొంతంగా కొనుక్కుని షాపు కడుతుంది. అద్దె బెడద తక్కువ. అందుకే మెల్లగా పెరిగింది. 15 ఏళ్లు గడిచాక, 2017 మార్చి నాటికి కూడా వాళ్లకి ఉన్నవి 131 షాపులే. రెండు, సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు తొందరగా ఇచ్చేస్తుంది. తొందరగా డబ్బు వస్తుందంటే సప్లయర్ కూడా రేటు తగ్గించి ఇస్తాడు. ఆ తగ్గింపే మనకి డిస్కౌంట్‌గా కనిపిస్తుంది. 2025 మార్చి నాటికి డీమార్ట్ షాపులు 415 అయ్యాయి. మన రెండు రాష్ట్రాల్లో ఆదివారం సాయంత్రం వాటి పార్కింగ్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

2020: అన్నీ ఒకేసారి మీద పడ్డాయి

2019 ఆగస్టులో అమెజాన్ వచ్చింది. ఫ్యూచర్ కూపన్స్ అనే గ్రూప్ కంపెనీలో 49 శాతం వాటా, దాదాపు 1,500 కోట్లకి కొంది. ఆ కంపెనీకి ఫ్యూచర్ రిటైల్‌లో కొంత వాటా ఉంది. ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. కొన్ని కంపెనీలకి ఈ షాపుల్ని అమ్మకూడదు. ఆ లిస్టులో రిలయన్స్ ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్. ఆ ఏడాది మొదట్లో 300 రూపాయల పైన ఉన్న ఫ్యూచర్ రిటైల్ షేర్ మార్చి చివరికి వందలోపుకి పడిపోయింది. తాకట్టు పెట్టిన షేర్లని అప్పిచ్చినవాళ్లు తీసుకోవడం మొదలైంది. బట్టల అమ్మకాలు ఆగిపోయాయి. కానీ అద్దె, వడ్డీ ఆగలేదు. ఇందాకటి రెండు రూపాయల లెక్క గుర్తు తెచ్చుకోండి.

2020 ఆగస్టు 29న రిలయన్స్ డీల్ ప్రకటించారు. 24,713 కోట్లు. వెంటనే అమెజాన్ సింగపూర్ ఆర్బిట్రేషన్‌కి వెళ్లి డీల్ ఆపాలని ఆర్డర్ తెచ్చుకుంది. అక్కడి నుంచి ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు, కాంపిటీషన్ కమిషన్. ఏడాదిన్నర పైగా తిరిగారు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సింగపూర్ ఆర్డర్ ఇక్కడ చెల్లుతుందంది. డిసెంబర్‌లో కాంపిటీషన్ కమిషన్, అమెజాన్ 2019లో తీసుకున్న అనుమతినే పక్కన పెట్టి, 200 కోట్లకి పైగా జరిమానా వేసింది.

కోర్టుల్లో వాదనలు నడుస్తుంటే షాపుల్లో ఏం జరుగుతోంది? సప్లయర్‌కి డబ్బు లేటయితే సరుకు ఆపేస్తాడు. సరుకు రాకపోతే ర్యాకులు ఖాళీ. ర్యాకులు ఖాళీ అయితే కస్టమర్ పక్క షాపుకి పోతాడు. కస్టమర్ పోతే సప్లయర్‌కి ఇవ్వడానికి డబ్బే ఉండదు. ఒక్కసారి ఈ చక్రంలో పడిన షాపు బయటికి రావడం చాలా కష్టం. ఇక బిల్డింగ్ ఓనర్లకి అద్దె కూడా కట్టలేకపోయారు.

ఇక్కడే అసలు ట్విస్ట్. అద్దె అందని ఓనర్లతో రిలయన్స్ కంపెనీలు ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ బిల్డింగులు తాము లీజుకి తీసుకుని, మళ్లీ ఫ్యూచర్‌కే అద్దెకిచ్చాయి. అంటే బోర్డు బిగ్ బజార్‌ది, అద్దె కట్టాల్సింది రిలయన్స్‌కి. ఆ అద్దె కూడా రాలేదు. 2022 ఫిబ్రవరి చివర్లో రిలయన్స్ మనుషులు వచ్చి షాపులు స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టారు. మొదట 200 దాకా, తర్వాత లీజులన్నీ కలిపితే 900 పైన. మార్చిలో అమెజాన్ పేపర్లలో ప్రకటన ఇచ్చి మరీ ఇది మోసం అంది. కానీ అప్పటికే తాళాలు చేతులు మారిపోయాయి.

ఏప్రిల్‌లో అప్పిచ్చిన బ్యాంకులు ఓటేసి డీల్‌ని తిరస్కరించాయి. రిలయన్స్ డీల్ రద్దు చేసుకుంది. అమెజాన్‌కి షాపులు రాలేదు. ఫ్యూచర్‌కి 24,713 కోట్లూ రాలేదు. రిలయన్స్‌కి మాత్రం మంచి మంచి సెంటర్లలో షాపులు మిగిలాయి.

బ్యాంకులకి దాదాపు 3,500 కోట్లు కట్టలేకపోవడంతో బ్యాంక్ ఆఫ్ ఇండియా దివాలా కేసు వేసింది. 2022 జులైలో కేసు స్వీకరించారు. కంపెనీని కాపాడే ప్లాన్ ఏదీ ఒప్పుదల కాలేదు. 2024 జులైలో ముంబైలోని ఎన్‌సీఎల్‌టీ, ఉన్నవి అమ్మేసి కంపెనీని మూసేయమని లిక్విడేషన్ ఆర్డర్ ఇచ్చింది.

నష్టపోయింది ఎవరు?

మన దివాలా చట్టంలో డబ్బు పంచడానికి ఒక వరస ఉంది. ముందు కేసు ఖర్చులు. తర్వాత కార్మికుల పాత బకాయిలు, తనఖా ఉన్న బ్యాంకులు. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు. చాలా కిందకి వచ్చాక సరుకు ఇచ్చిన సప్లయర్లు. ఆఖర్న షేర్‌హోల్డర్లు. పై వాళ్లకే సరిపోకపోతే కింద ఉన్నవాళ్లకి మిగిలేది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆలోచించండి. పప్పులు ప్యాక్ చేసి ఇచ్చిన చిన్న వ్యాపారి, పిల్లల బట్టలు కుట్టించి ఇచ్చిన చిన్న యూనిట్, వీళ్లంతా ఆ వరసలో ఎక్కడున్నారు? కిందనే. షేర్ సింగిల్ డిజిట్‌కి వచ్చినప్పుడు "ఇంత పెద్ద కంపెనీ, ఇంత చవకగా దొరుకుతోంది" అని ఫోన్‌లో యాప్ తెరిచి కొన్నవాళ్లు? అందరికంటే కింద. షాపులో సరుకు చవకగా దొరకడం వేరు, మునిగిపోతున్న కంపెనీ షేర్ చవకగా దొరకడం వేరు.

ఇది మనకి కొత్తేమీ కాదు. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష కూడా చవక ధరల షాపే. దాదాపు 1,600 షాపుల దాకా పెంచేసి, చేతిలో డబ్బు అయిపోయి 2009 మొదట్లో మూతపడింది.

మరి మనం ఏం గమనించాలి?

మీరు వెళ్లే షాపులో వరసగా కొన్ని వారాలు ర్యాకులు ఖాళీగా కనిపిస్తే, పెద్ద బ్రాండ్ల సరుకు మాయమై ఊరూపేరూ లేని సరుకు నిండితే, అది లోపల డబ్బు ఆడట్లేదు అనడానికి గుర్తు కావచ్చు. అలాంటి చోట గిఫ్ట్ కార్డు, వాలెట్ బ్యాలెన్స్ ఉంటే తొందరగా వాడేయండి. ముందే డబ్బు కట్టే స్కీముల్లో చేరకండి. షేర్ కొనేముందు ధర ఒక్కటే చూడకండి. అప్పు ఎంత, ప్రమోటర్ షేర్లు తాకట్టులో ఎంత ఉన్నాయి అనేది చూడండి. లిస్టెడ్ కంపెనీ అయితే ఆ వివరాలు స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో ఫ్రీగానే ఉంటాయి.

రేపు మీలో ఎవరైనా చిన్న షాపు పెట్టినా ఇదే లెక్క. మొదటి షాపు తన అద్దె తాను సంపాదించుకోకముందే రెండోది తెరవకండి. కౌంటర్ ముందు లైను చూసి మురిసిపోవద్దు. ఆ లైను ఇచ్చిన డబ్బులో అద్దె, వడ్డీ, సరుకువాడి బాకీ పోగా సాయంత్రానికి గల్లాలో మిగిలిందే మీది.

మీ ఊళ్లో బిగ్ బజార్ ఉన్న చోట ఇప్పుడు ఏముందో కింద కామెంట్ చేయండి. వీడియో ఉపయోగపడింది అనిపిస్తే, షాపు పెట్టాలనుకుంటున్న మీ ఫ్రెండ్‌కి ఒకసారి పంపండి. ఇంకో టాపిక్‌తో మళ్లీ కలుద్దాం. ఉంటాను, నమస్తే.