అరుంధతి కానరాని ఆకాశం

తెలుగువారి వివాహంలో పురోహితుడు నూతన దంపతులను మండపం వెలుపలికి తోడ్కొని వెళ్ళి, ఉత్తర దిశగా ధ్రువ నక్షత్రాన్నీ, అరుంధతినీ చూపించడం ఆచారం. పగటి ముహూర్తమైతే చూచినట్లు భావించుకొనడం కూడా ఆచారమే. మెల్‌బోర్న్ నగరంలో జరిగే పెళ్ళిళ్ళలోనూ ఈ తంతు నడుస్తుంది. అయితే ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల ఎవరైనా "పంతులుగారూ, ఆ నక్షత్రం ఎక్కడ?" అని అడిగితే, అర్ధరాత్రి వేళనైనా, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, ఆయన చూపించలేరు. ఆ రెండు నక్షత్రాలూ మెల్‌బోర్న్‌లో ఏనాడూ ఉదయించవు.

ఇందుకు కారణం భూమి గోళాకారంలో ఉండటమే. భూమి అక్షాన్ని ఉత్తరంగా పొడిగించినట్లు ఊహిస్తే, అది దాదాపు ధ్రువ నక్షత్రం వైపే చూపుతుంది. అందుచేతనే భూభ్రమణం వలన తక్కిన నక్షత్రాలన్నీ తిరుగుతున్నట్లు కనిపించినా, ధ్రువుడు మాత్రం నిశ్చలంగా ఉన్నట్లు తోస్తాడు. ఉత్తరార్ధగోళంలో ఒక ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువుడు క్షితిజరేఖకు దాదాపు అన్ని డిగ్రీల ఎత్తున ఉంటాడు. హైదరాబాదులో ఆ ఎత్తు సుమారు 17 డిగ్రీలు. దక్షిణానికి పయనించే కొలదీ ఆయన క్రిందికి దిగుతూ, భూమధ్యరేఖ వద్ద క్షితిజాన్ని తాకి, ఆపైన మరుగవుతాడు.

అరుంధతి విషయం కొంత భిన్నమైనది. సప్తర్షి మండలంలో వసిష్ఠుని ప్రక్కనే మినుకుమనే ఈ చిన్న నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు 55 డిగ్రీలు ఉత్తరాన ఉన్నది. 90 నుండి ఈ 55నూ, ఆస్ట్రేలియాలోని ఊరి అక్షాంశాన్నీ తీసివేస్తే, ఆ ఊరిలో అరుంధతి అందుకోగల గరిష్ఠమైన ఎత్తు తెలుస్తుంది. డార్విన్‌లో అది 22 డిగ్రీలకు పైగా ఉంటుంది. బ్రిస్బేన్‌లో ఏడున్నర డిగ్రీలు. సిడ్నీలో ఒక్క డిగ్రీ మాత్రమే, అనగా ఇళ్ళ కప్పుల వెనుకనే ఉండిపోతుంది. మెల్‌బోర్న్‌లో ఎప్పుడూ క్షితిజానికి సుమారు మూడు డిగ్రీల దిగువనే ఉంటుంది. పంతులుగారు చూపే దిక్కు సరియైనదే. నడుమ భూమి అడ్డు వచ్చింది, అంతే.

ఉత్తరాకాశంలో కోల్పోయినదానికి దక్షిణాకాశం బదులు తీర్చుతుంది. వింధ్య పర్వతం గర్వమణచి దక్షిణానికి వెళ్ళి, తిరిగి రాని అగస్త్య మహర్షి కథ తెలుగువారికి సుపరిచితమే. ఆయన పేరిట ఉన్న నక్షత్రం లుబ్ధకుని తరువాత రాత్రి ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైనది. హైదరాబాదులో అది 20 డిగ్రీలకు మించి పైకి రాదు. మెల్‌బోర్న్‌లోనైతే ఫిబ్రవరి రాత్రులలో 75 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి చేరువలో వెలుగుతుంది.

ఆస్ట్రేలియా జెండాపై ఉన్న నక్షత్రాల శిలువ మన పూర్వుల త్రిశంకువే. బొందితో స్వర్గానికి పోగోరిన రాజు త్రిశంకుడు. ఇంద్రుడు అతనిని తలక్రిందులుగా త్రోసివేయగా, విశ్వామిత్రుడు నడిమింట నిలిపి, దక్షిణ దిక్కున వేరొక సప్తర్షి మండలాన్నే సృష్టించాడని రామాయణ గాథ. ప్రవాసులు తమ స్థితిని త్రిశంకు స్వర్గంతో పోల్చుకొనడం వాడుక. కాని హైదరాబాదులో వేసవి రాత్రులలో దక్షిణాన కొద్దిసేపు తొంగిచూచే ఈ త్రిశంకువు సిడ్నీలోనూ, మెల్‌బోర్న్‌లోనూ ఏ రాత్రీ అస్తమించడు. అతని ప్రక్కనే కనిపించే నల్లని మచ్చ నిజానికి ధూళిమేఘం. దానిని ఈమూ పక్షి తలగా ఈ దేశపు ఆదివాసులలో అనేకులు తరతరాలుగా గుర్తించారు.

త్రిశంకువు దారి కూడా చూపగలడు. దక్షిణ ధ్రువబిందువు వద్ద కంటికి స్పష్టంగా ఆనే నక్షత్రం లేదు. కాని శిలువ పొడవు రేఖను పై నక్షత్రం నుండి పాదం వైపుగా, ఆ పాదాన్ని దాటి, దాని పొడవుకు నాలుగున్నర రెట్లు పొడిగిస్తే ఆ బిందువు దొరుకుతుంది. అక్కడినుండి నిట్టనిలువుగా నేలకు దిగితే అదే దక్షిణ దిక్కు.

ఈ దక్షిణాకాశంలో తెలుగువారికి సంబంధించిన మరొక వస్తువు ఉన్నది. అది కంటికి కనిపించదు. అమెరికా 1977 ఆగస్టు 20న ప్రయోగించిన వాయేజర్-2 నౌకలో బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒకటి అమర్చారు. అందులోని 55 భాషల శుభాకాంక్షలలో తెలుగు ఒకటి. 1989లో నెప్ట్యూన్ గ్రహాన్ని సమీపించినపుడు దాని ఆకర్షణ వలన నౌక మార్గం దక్షిణానికి వంగింది. ఆ తరువాత కాలక్రమంలో కాలిఫోర్నియా, స్పెయిన్ కేంద్రాలకు అది క్షితిజం దిగువకు పోయింది. దానికి ఆదేశాలు పంపే పని కాన్‌బెర్రా సమీపంలోని టిడ్‌బిన్‌బిల్లాలో ఉన్న 70 మీటర్ల ఆంటెన్నా వంతైంది.

2023 జులైలో ఒక పొరపాటు ఆదేశం వలన నౌక ఆంటెన్నా భూమి నుండి 2 డిగ్రీలు ప్రక్కకు మళ్ళి, సంబంధం తెగిపోయింది. టిడ్‌బిన్‌బిల్లా నుండి బలమైన సంకేతాన్ని పంపారు. అది పద్దెనిమిదిన్నర గంటలు ప్రయాణించి, సుమారు 2,000 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న నౌకను చేరింది. జవాబుకు మొత్తం 37 గంటలు పట్టింది. ఆగస్టు 4న నౌక తిరిగి పలికింది. తెలుగు పలకరింపును మోసుకొని పోతున్న ఆ నౌకను ఆనాడు దారికి తెచ్చినది ఆస్ట్రేలియా నేల మీది ఆంటెన్నాయే.

ఆకాశాన్ని పరిచయం చేసుకొనడానికి దుర్భిణి అవసరం లేదు. మే నెలలో రాత్రి తొమ్మిది గంటల వేళ పెరటిలోకి వచ్చి దక్షిణంగా తల ఎత్తితే త్రిశంకువు ఉన్నతంగా నిలిచి ఉంటాడు. అదే నెలలో హైదరాబాదులో మేడ మీదికి ఎక్కితే ఉత్తరాన సప్తర్షులూ, దక్షిణాన త్రిశంకువూ ఒకే రాత్రి కనిపిస్తారు. పెళ్ళిలో ప్రశ్న అడిగిన పిల్లకు మొదట ఉత్తరాన నేల వైపు చూపి, "అరుంధతి అక్కడ ఉన్నది, అమ్మమ్మగారి మేడ మీదినుండి చూద్దువుగాని" అని చెప్పవచ్చు. ఆ తరువాత దక్షిణానికి తిప్పి, అమ్మమ్మగారికి అరుదుగా కనిపించే నక్షత్రాలను తెలుగు పేర్లతోనే చూపించవచ్చు.