టర్బో అమర్చితే చాలా? అపోహలు – వాస్తవాలు

సాధారణ పెట్రోల్ ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి గాలి వాతావరణ పీడనం వల్లనే చేరుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందిన టర్బో సూత్రంలో, ఇంజన్ విడిచే వేడి వాయువులు ఒక టర్బైన్‌ను తిప్పగా, అదే ఇరుసు రెండో కొసన ఉన్న కంప్రెసర్ బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఈ పరికరాన్ని అది లేకుండా తయారైన కారుకు అమర్చే విషయంలో కొన్ని అపోహలు బలంగా పాతుకుపోయాయి.

అపోహ: టర్బో ఇచ్చే శక్తి ఉచితం.

వాస్తవం: శక్తి పుట్టేది టర్బోలో కాదు, అదనంగా మండే పెట్రోలులో. బూస్ట్, అంటే వాతావరణ పీడనానికి మించిన ఒత్తిడి, 0.5 బార్ ఉంటే, గాలి వేడెక్కనంత వరకు, సిలిండర్‌లోకి దాదాపు ఒకటిన్నర రెట్ల గాలి చేరుతుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 వంతుల గాలి అవసరం కనుక, పెరిగిన గాలికి సరిపడా ఇంధనం అందించేందుకు పెద్ద ఇంజెక్టర్లు, తగిన పంపు, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కు కొత్త అమరికలు కావలసివస్తాయి.

అపోహ: ఏ ఇంజన్‌కైనా టర్బో ఒకేలా నప్పుతుంది.

వాస్తవం: పిస్టన్ అడుగున ఉన్నప్పటి ఘనపరిమాణానికి, పైకి చేరినప్పుడు మిగిలే ఘనపరిమాణానికి గల నిష్పత్తిని సంపీడన నిష్పత్తి అంటారు. అది ఎక్కువగా ఉన్న ఇంజన్‌లో బూస్ట్ కూడా తోడైతే, మంట చేరకముందే మిశ్రమంలో కొంత భాగం తనంతట తాను పేలిపోతుంది; నాకింగ్ అనే ఈ దోషం పిస్టన్లను కరిగించగలదు, పగలగొట్టగలదు. ఔత్సాహికులు తరచుగా టర్బోకు మార్చే తొలితరం మాజ్డా ఎంఎక్స్-5లోని 1.6 లీటర్ల ఇంజన్ నిష్పత్తి 9.4 కాగా, అదే కుటుంబానికి చెందిన టర్బో ఇంజన్‌ను మాజ్డా 323 కారుకు రూపొందించినప్పుడు దానిని 7.9కి తగ్గించారు.

అపోహ: ఇంటర్‌కూలర్ కేవలం అలంకారం.

వాస్తవం: ఒత్తిన గాలి వేడెక్కి, సాంద్రత కోల్పోయి, నాకింగ్‌కు దారితీస్తుంది; దానిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటే, నాకింగ్‌ను తప్పించేందుకు స్పార్క్‌ను అంతగా ఆలస్యం చేయకుండానే బూస్ట్ ప్రయోజనం దక్కుతుంది.

అపోహ: సొంత కారులో మార్పులకు అడ్డు ఉండదు.

వాస్తవం: భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. బీమా సంస్థకు తెలియజేయని మార్పు వల్ల పరిహారం నిరాకరణకు గురయ్యే అవకాశమూ ఉంది.

కాబట్టి టర్బోకు మార్చడమంటే గాలి, ఇంధనం, వేడి, లోహపు బలం అనే నాలుగింటి లెక్కను తిరిగి సరిచూడటం. అందులో ఒక్కటి వదిలినా మిగిలిన మూడింటిపై పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.