పవరు స్టీరింగు – దాని సంరక్షణము



ఇప్పుడు పల్లెలలో గూడ పలువురి వాకిళ్ళలో మోటారు బండ్లు నిలిచియున్నవి. వానిని నడుపువారు కుమారులో మనుమలో అయియుందురు. కాని ప్రయాణమునకు ముందు బండి సంగతి యడిగి తెలిసికొను భారము ఇంటి పెద్దలదే. అందుచేత బండిని మలుపు త్రిప్పుటకు తోడ్పడు పవరు స్టీరింగును గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఇందు నేను ముఖ్యముగ చెప్పదలచినది ఒక్కటే. ఈ సాధనములోని నూనె పెట్రోలువలె ఖర్చగునది కాదు. అది తగ్గినదన్నచో ఎచ్చటనో కారిపోవుచున్నదని యర్థము.

పూర్వపు బండ్లలో స్టీరింగు త్రిప్పుటకు నడుపువాని భుజబలమే యాధారము. 1926లో అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు నూనె యొత్తిడిచే స్టీరింగునకు సాయపడు యంత్రమును బండికమర్చి చూపెను. 1951లో క్రైస్లర్ కంపెనీవారు అట్టి యేర్పాటుగల బండ్లను అమ్మకమునకు తెచ్చిరి. పిమ్మట అది లోకమంతట వ్యాపించినది.

అది పనిచేయు విధము కష్టమైనది కాదు. ధాన్యపు బస్తాను నెత్తికెత్తుకొనునప్పుడు ప్రక్కవాడు చేయి వేయును గదా! బరువు మనదే, చేయూత వానిది. ఇదియు నట్టిదే. ఇంజనుచే తిరుగు బెల్టు ఒక చిన్న పంపును త్రిప్పును. ఆ పంపు డబ్బాలోని నూనెను గట్టిగొట్టము ద్వారా స్టీరింగు పెట్టెలోనికి నెట్టును. స్టీరింగు క్రింద సన్నని ఉక్కు కడ్డీ యొకటి కలదు. మనము స్టీరింగు త్రిప్పగనే అది రవంత మెలిపడును. ఆ మెలికతో కవాటము తెరచుకొని, త్రిప్పిన వైపునకే నూనె త్రోపిడి కలిగి ముందు చక్రములు సులభముగ తిరుగును. పని తీరిన నూనె మరియొక గొట్టము వెంట డబ్బాకు తిరిగివచ్చును. నూనె ఇట్లు తిరుగుచుండవలసినదే గాని తరుగవలసినది కాదు.

పల్లెలలో నేను తరచుగ వినుమాట యొకటి కలదు: “వారమునకొకసారి నూనె పోయుచున్నాము, బండి బాగుగనే నడచుచున్నది.” ఇది చిల్లికుండలో నీరు పోయుట వంటిది. నూనె కారుచున్న చోటు నానాటికి పెద్దదగును. డబ్బా అడుగంటినచో పంపు గాలిని పీల్చును. నూనెయే పంపునకు కందెన గనుక, అది లేక పంపు ఒరసుకొని చెడును. అప్పుడు చిన్న రబ్బరు వాషరుతో పోవు పని పంపు మార్చువరకు వచ్చును. కారిన నూనె కాలుచున్న పొగగొట్టముపై బడినచో నిప్పంటుకొను భయము గూడ కలదు.

కావున నెలకొకసారి డబ్బాను చూడవలెను. బండి చదునైన నేలపై నుండవలెను. ఇంజను ఆపి, మూత చుట్టును తుడిచి, పిమ్మట విప్పవలెను. ఇసుక రేణువొకటి లోనబడినను కవాటమునకు హాని. డబ్బా మీదగాని మూతకున్న పుల్లమీదగాని రెండు గీతలుండును. నూనె ఆ రెంటి నడుమ నుండవలెను. కొన్నింటిలో చల్లని ఇంజనునకు వేరు, వేడి ఇంజనునకు వేరు గుర్తులుండును. నూనె నల్లబడి మాడువాసన కొట్టినచో మార్పింపవలెను. నురుగు కనబడినచో లోపల గాలి చేరినదని తెలియునది.

ఏ నూనె పోయవలెనో బండితో వచ్చిన పుస్తకములోను, తరచుగ మూతమీదను వ్రాసియుండును. అదియే పోయవలెను. బ్రేకు నూనెను మాత్రము ఎన్నడును పోయరాదు. దానివలన రబ్బరు వాషరులు ఉబ్బి, మెత్తబడి, సాధనమంతయు పాడగును.

కారుచున్నదా లేదా యని తెలిసికొనుటకు సులభోపాయము కలదు. రాత్రి బండి ముందుభాగము క్రింద ఒక అట్టముక్క పరచి, తెల్లవారి చూడుడు. చల్లగాలి యంత్రమునుండి పడునది వట్టి నీరు. అది యారిపోవును. ఎర్రనిదియో తేనెరంగుదియో జిడ్డు మరక మిగిలినచో మెకానిక్కునకు చూపవలెను. ఇంజను తిరుగుచుండగ గొట్టములను చేతితో తడిమి చూడరాదు. టైరులోని గాలి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 2 కిలోలు; ఈ గొట్టములో అది 70 కిలోలు దాటగలదు. సన్నని చిల్లినుండి వచ్చు ధార చర్మమును చీల్చుకొని పోగలదు.

చెవికి తెలియు గుర్తులును కలవు. స్టీరింగు త్రిప్పునప్పుడు కీచుమనినచో బెల్టు వదులైనది. మూల్గినచో నూనె తగ్గినది, లేదా గాలి చేరినది. స్టీరింగు బరువెక్కినప్పుడు మొదట టైరులలో గాలి చూడవలెను. పలుమారు దోషము అచ్చటనే యుండును.

నడుపువాని యలవాటులును ముఖ్యములే. స్టీరింగును ఒక వైపునకు చివరంట త్రిప్పి అట్లే బిగపట్టరాదు. నూనె యత్యధికమైన యొత్తిడికి లోనై త్వరగ కాగిపోవును. కొద్ది సెకనులలో రవంత వెనుకకు వదలవలెను. నిలిచిన బండిలో త్రిప్పుటకంటె, మెల్లగ కదలుచుండగ త్రిప్పుట మేలు.

ఇక ప్రాణములతో ముడిపడిన మాట. శ్రీశైలము, తిరుమల వంటి ఘాటు దారులలో దిగునప్పుడు నూనె పొదుపునకై ఇంజను ఆపి బండిని జారవిడుచువారు కలరు. ఇంజను ఆగినంతనే పంపు ఆగును. చేయి వేసినవాడు తప్పుకొన్నట్లు స్టీరింగు బరువంతయు నడుపువాని మీద బడును. బ్రేకునకు గల సాయము గూడ రెండు మూడు త్రొక్కుడులతో తీరిపోవును. తాళపుచెవి పూర్తిగ త్రిప్పి తీసినచో స్టీరింగు బిగిసికొనును. మలుపులో ఇది మృత్యువు. ఘాటులో ఇంజను ఆపరాదని ఇంటివారికి గట్టిగ చెప్పుడు.

దారిలో తనంతట ఇంజను ఆగినను, బెల్టు తెగినను బెదరనక్కరలేదు. స్టీరింగునకును చక్రములకును ఇనుప సంబంధము తెగదు. రెండు చేతుల బలముతో త్రిప్పినచో బండి తిరుగును. వేగము తగ్గించి ప్రక్కకు తీసి నిలుపవలెను. బెల్టు తెగినప్పుడు మరల నడపరాదు. పెక్కు బండ్లలో ఇంజనును చల్లార్చు నీటిపంపును త్రిప్పునదియు ఆ బెల్టే.

ఇటీవలి కారులు పెక్కింటిలో నూనెకు బదులు విద్యుత్తు మోటారు ఈ పని చేయుచున్నది. వానిలో నూనె చూడవలసిన పని లేదు. బ్యాటరీ బాగుగ నుండవలెను, స్టీరింగు గుర్తుగల దీపము వెలిగినచో చూపింపవలెను. తమ బండి యేరకమైనదో మొదట తెలిసికొనుడు.

ఈసారి పెండ్లికో తిరునాళ్ళకో బయలుదేరునప్పుడు మీ పిల్లలను మూడు మాటలడుగుడు: “నూనె గీతల నడుమ నున్నదా? క్రింద మరక యున్నదా? త్రిప్పునప్పుడు చప్పుడున్నదా?” ఈ మూటికి సరియైన సమాధానము వచ్చినచో నిశ్చింతగ బండి యెక్కవచ్చును.