అధిక మోతాదు మరణాలు: నివారణోపాయం

హెరాయిన్ వంటి నల్లమందు జాతి మాదకద్రవ్యాల మోతాదు మించినప్పుడు మెదడులో శ్వాసను నడిపే కేంద్రం మందగిస్తుంది. చూసేవారికి మనిషి గాఢనిద్రలో ఉన్నట్లే తోస్తుంది. పెదవులు నీలిబారతాయి, ఊపిరి ఆగిపోతుంది. ఇది తరచుగా క్షణంలో ముగిసేది కాదు. పక్కన మరొకరు ఉండటమూ కద్దు. కేసు తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో ఆ స్నేహితుడు పారిపోవడమే విషాదం.

ఆ వ్యవధిలో ప్రాణం కాపాడగలది నాలొక్సోన్. 1971లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు కొద్ది నిమిషాలలోనే ఆ ద్రవ్యాల ప్రభావాన్ని విరిచివేస్తుంది. దీనికి మత్తు లేదు. అయినా ఇది చాలాకాలం వైద్యుల చేతిలోనే ఉండిపోయింది. 1996లో షికాగోలోని ఒక స్వచ్ఛంద సంస్థ మాదకద్రవ్యాలు వాడేవారికే దీనిని అందించసాగింది. ప్రమాదాన్ని కళ్ళారా చూసే అవకాశమున్న మిత్రులకు, కుటుంబ సభ్యులకు సైతం అందుబాటులో ఉంచవలెనని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అయితే అరగంట నుండి గంటన్నరలోగా మందు పట్టు సడలి మత్తు తిరిగి కమ్మవచ్చు. ఆసుపత్రికి చేర్చక తప్పదు.

వ్యసనం మానేలోగా మనిషి బతికి ఉండాలన్నదే హాని తగ్గింపు విధానానికి ఆధారం. మన దేశంలో సూది ద్వారా మాదకద్రవ్యాలు తీసుకొనేవారు సుమారు 8.5 లక్షలని 2019లో వెలువడిన జాతీయ సర్వే అంచనా. వీరికి నాలుక కింద కరిగే బుప్రెనార్ఫిన్ బిళ్ళలిచ్చే చికిత్స జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో భాగమైంది. అది మధ్యలో ఆగితేనే చిక్కు. కొన్ని వారాలు మానినవారి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. జైలు నుండి విడుదలైన తొలి రెండు వారాలు అందుకే అత్యంత ప్రమాదకరం. 2011లో జాతీయ పథకం ప్రారంభించిన స్కాట్లండు, విడుదలయ్యే ఖైదీలకు వాడే పద్ధతి నేర్పి, నాలొక్సోన్ చేతికిచ్చి పంపడం ఇందువల్లనే.