పులుపును సున్నమును

తుని పట్టణమునకు తమలపాకుల వలనను, మామిడిపండ్ల వలనను పేరు వచ్చినది. ఆకుపై పూయునది సున్నము. పచ్చి మామిడికాయలో నుండునది పులుపు. రసాయనశాస్త్రము మనకు మొట్టమొదట నేర్పు రెండు జాతుల పదార్థములకు ఈ రెండును చక్కని ఉదాహరణములు. పులుపు గలవానిని ఆమ్లములనియు, సున్నము వంటివానిని క్షారములనియు అందురు. వీని గుణములను తెలిసికొనుటకు మన వంటయింటి వస్తువులే చాలును. కాని ప్రయోగశాలలోని ఏ పదార్థమునైనను రుచి చూచి పరీక్షింపరాదు. వానిలో కొన్ని నాలుకను కాల్చివేయును.

చింతపండులో టార్టారికామ్లమును, నిమ్మపండులో సిట్రికామ్లమును, పెరుగులో లాక్టికామ్లమును కలవు. ఆహారము జీర్ణమగుటకై మన కడుపులోనే హైడ్రోక్లోరికామ్లము ఊరుచుండును. నల్లబడిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమిన తళతళలాడును గదా! లోహముపై పేరుకొన్న చిలుమును ఆమ్లము కరగించుటయే దానికి కారణము. ఆ గుణమే పులుసు కాచునపుడు హానికరమగును. కళాయి లేని ఇత్తడి పాత్రలో పులుసు నిలువ యుంచినచో, లోహములోని రాగి అందులో కరగి, తిన్నవారికి వాంతులు కలిగించును. మన పెద్దలు పాత్రలకు కళాయి పూయించుట ఉత్త అలంకారమునకు కాదు.

ఇక సున్నము మాట. సున్నపురాతిని గాని గుల్లలను గాని బట్టీలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోసిన బుసబుస పొంగి, మిక్కిలి వేడిపుట్టి, తడిసున్నమగును. దానిని నీట కలిపి కదలకుండ నుంచగా పైకి తేలు స్వచ్ఛమైన నీరే సున్నపుతేట. వంటసోడా, చాకివారు వాడుచువచ్చిన చౌడు, కట్టెల బూడిదనీరు, సబ్బునీరు ఇవియన్నియు క్షారగుణము గలవియే.

ఇంగ్లాండులో రాబర్టు బాయిలు పండితుడు వయొలెట్ పూల రసము ఆమ్లముచే ఎఱ్ఱగను, క్షారముచే ఆకుపచ్చగను మారుటను 1664లో వర్ణించెను. మనకు ఆ పూలతో పనిలేదు, పసుపు ఉన్నది. పసుపు మరక గల బట్టకు సబ్బు రాచినపుడు అది ఎఱ్ఱబడుట మనమందరమును చూచియున్నాము. పసుపును సున్నమును కలిపిన పారాణి ఎఱ్ఱనగుటయు ఇందువలననే. పసుపునీట ముంచి ఆరవేసిన కాగితము ముక్కపై సున్నపుతేట వేసిన ఎఱ్ఱనగును. దానిపైనే నిమ్మరసము వేసిన మరల పసుపుపచ్చనగును. అయితే పసుపు ఉప్పునీటికిని నిమ్మరసమునకును భేదము చెప్పజాలదు. రెండింటను తన రంగు మార్చుకొనదు. ఆ పనికి మందారపూల కషాయము మేలు. అది ఆమ్లముచే గులాబివన్నెను, క్షారముచే ఆకుపచ్చవన్నెను పొందును.

పెద్దల సమక్షమున విద్యార్థులు ఈ చిన్న ప్రయోగము చేయవచ్చును. గాజుగ్లాసులో 2 చెంచాల సున్నపుతేట పోసి, చిటికెడు పసుపు వేయవలెను. నిమ్మరసములో నాలుగింతల నీరు కలిపి, చుక్కచుక్కగా లెక్కించుచు, గ్లాసును కదపుచు అందులో వేయవలెను. కొంతసేపటివరకు ఎఱుపు నిలిచియుండి, పిమ్మట ఒక్క చుక్కతో మాయమగును. తేటను 4 చెంచాలు తీసికొన్నచో చుక్కలును రెట్టింపు పట్టును. ఆమ్లమును క్షారమును ఒకదాని గుణమును మరియొకటి పోగొట్టుకొనును గాని, అది కొలతకు లోబడియే జరుగును. ఇట్టి కలయిక వలన నీరును, లవణమును ఏర్పడును.

ఇందలి రహస్యము చాలకాలమునకు గాని తెలియలేదు. ఫ్రాన్సుదేశపు లవాయిజరు, ఆమ్లములన్నిటికిని ఆక్సిజనే మూలమని తలచి దానికి ఆ పేరు పెట్టెను. మన పాతపుస్తకములలోని ‘ఆమ్లజని’ యను మాట ఆ తలంపునకు తెలుగే. కాని హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజను లేదని 1810లో డేవీ పండితుడు చూపెను. 1884లో స్వీడను దేశీయుడగు అరీనియసు, పదార్థములు నీట కరగి విద్యుదావేశము గల అయానులుగా విడిపోవునని ప్రతిపాదించెను. ఆమ్లము నీటిలో హైడ్రోజను అయానులను, క్షారము హైడ్రాక్సిలు అయానులను విడుచును. అవి రెండును కూడిన నీరగును. చూడగా ఆమ్లములను నిజముగా పుట్టించునది ఆమ్లజని కాదు, ఉదజనియే.

1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడగు సోరెన్‌సెను దీనికి పి.హెచ్. అను కొలబద్ద నేర్పరచెను. శుద్ధమైన నీటికి 7, నిమ్మరసమునకు ఇంచుమించు 2, సున్నపుతేటకు ఇంచుమించు 12. ఒక్కొక్క మెట్టు పదిరెట్ల భేదమును సూచించును. కావున నిమ్మరసమున హైడ్రోజను అయానులు నీటిలోకంటె లక్షరెట్లు అధికము. సున్నపుతేటలో లక్షరెట్లు తక్కువ. సున్నమెంత తీవ్రమైనదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఇందుచేతనే తల్లిదండ్రులకు మేము ముఖ్యముగా విన్నవించు సంగతి యొకటి కలదు. తాంబూలపు సున్నపు పొట్లమును పిల్లలు నొక్కినపుడు అది చిట్లి, సున్నము కంట పడి, చూపు చెడిన సంగతులను నేత్రవైద్యులు మనదేశమున పలుమారు ప్రకటించియున్నారు. క్షారము కంటిపొరలలోని క్రొవ్వును సబ్బుగా మార్చి లోలోనికి చొచ్చుకొనిపోవును. అట్టి సమయమున, క్షారమునకు ఆమ్లము విరుగుడు గదాయని నిమ్మరసము పిండరాదు. కంటిలో కొలత కుదురదు; పైగా ఆ కలయికయందు వేడి పుట్టును. వెంటనే రెప్పలు విప్పి పట్టి, మంచినీటి ధారతో అరగంటసేపైనను ఎడతెగక కడిగి, రెప్పల క్రింద చిక్కిన సున్నపు పలుకులు పోవునట్లు చేసి, ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు గొనిపోవలయును. వైద్యుని కొఱకు పరుగెత్తుటకంటె ముందుగా నీటికొఱకు పరుగెత్తవలెను.

ప్రియ విద్యార్థులారా! గాజుగ్లాసులో చుక్కలు లెక్కించునపుడు విరుగుడు ఎంత చక్కగా పనిచేయునో చూచితిరి. అది ఎచ్చట పనిచేయునో, ఎచ్చట పనికిరాదో గూడ తెలిసినప్పుడే చదివిన చదువు మనకు ఉపయోగపడును. ఈ మాట నేడే మీ యింట చిన్నలకును పెద్దలకును చెప్పుడు. సున్నపు పొట్లమును చిన్నపిల్లల కందని చోట నుంచుడు.