మారెడి కాలునకు మారని తొడుగు

లాడ్‌బజారున లక్కగాజులు కొనబోయిన యిల్లాలు చేయి చాచును. గాజు బిగువైనచో పనివాడు దానిని సెగకు కాచి, మెత్తబడినంతట సాగదీసి, ఆమె చేతికి సరిపుచ్చి యిచ్చును. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ పనితనము చార్మినారు నీడనే బ్రతుకుచున్నది. ఆ నీడనే, మధుమేహముచేతనో ప్రమాదముచేతనో కాలు పోగొట్టుకొన్నవానికి అమర్చెడి కృత్రిమపాదపు తొడుగు మాత్రము ఒక్కసారి పోసిన పోతవలె బిగిసి యుండును. గాజునకు గల వీలు కాలునకేల లేకపోవలెనని మేమడుగుచున్నాము.

తొడుగన నేమియో మొదట చెప్పవలెను. మోకాలి క్రింద కాలు తీసివేసిన పిదప మిగిలిన మొండిని తనలో నిముడ్చుకొని, దేహభారమును పాదమునకు అందజేయు గిన్నెవంటి భాగమిది. వైద్యులు దీనిని సాకెట్టందురు. భారము ఎముక కొనపై పడరాదు. మోకాటిచిప్ప క్రింది స్నాయువు మొదలైన, ఒత్తిడి కోర్చు చోట్లపై పడవలెను. మొండికి పట్టీ చుట్టి అచ్చు తీసి, ఆ అచ్చుపై తొడుగును తయారు చేయుదురు. అచ్చు తీసిన దినమున అది చక్కగా కుదురును. చిక్కంతయు తరువాతి దినములది. శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలలో వాపు తీయును, పని లేని కండ కరగును, మొండి సన్నగిలును. ఇంతేకాదు, ఉదయము సరిపోయినది సాయంకాలమునకే వదులగుట కలదు. డయాలసిస్ చేయించుకొనువారికి ఒంటి నీరు పెరుగుచు తగ్గుచు నుండుటచే యీ తేడా మరింత యెక్కువ.

వదులైన తొడుగులో మొండి అడుగంట జారును. అడుగడుగునకు పైకి క్రిందికి ఆడి చర్మము నొరయును. చెప్పు కరచినచో విడిచి చేతబట్టుకొని నడువవచ్చును. కాలే కరచినచో నేమి చేయవలెను? మధుమేహ రోగికి స్పర్శ మందగించి యుండుటచే పుండు పడిన సంగతియే తెలియకపోవచ్చును. ఆ పుండు ముదిరినచో మోకాలికి పైన మరల కోతపెట్టవలసిన గతి పట్టవచ్చును. ఇంత కష్టపడి సంపాదించిన కాలు అటకెక్కుటకు పాదపు లోపముకంటె తొడుగు లోపమే తరచుగా కారణమగుచున్నదని మా యభిప్రాయము.

పాదము విషయమున మనవారు వెనుకబడలేదు. ఋగ్వేదమున విశ్పలకు అశ్వినీదేవతలు లోహపుజంఘ నమర్చిరని యున్నది. అది ఒరసినదో లేదో ఋషి చెప్పలేదు. 1968లో జైపూరున డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీయు, శిల్పి రామచంద్రశర్మయు చేసిన పాదము మన దేశపు నడవడికి తగినది. చెప్పులు లేకయే నడువవచ్చును, గొంతుక కూర్చుండవచ్చును. మన నగరమునకు వత్తము. పాతబస్తీకి ఆనుకొనియే యున్న కంచన్‌బాగులోని రక్షణ పరిశోధనాలయమును నడపిన అబ్దుల్ కలాముగారు, క్షిపణులకు వాడెడి తేలిక పదార్థముతో పోలియో పిల్లల కాలిపట్టీలు చేయించిన సంగతి పాఠకు లెరిగినదే. నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యుల ప్రేరణపై జరిగిన ఆ పనిలో మూడు కిలోల బరువు మూడువందల గ్రాములకు దిగినది. అదే పరిశోధనాలయము బీబీనగరు ఎయిమ్సుతో కలసి 2025 జులై 14న కార్బన్ నారతో చేసిన పాదమును ఆవిష్కరించినది. 125 కిలోల భారమునకు దానిని పరీక్షించిరి. దిగుమతి పాదము సుమారు రెండు లక్షలు కాగా, దీనికి ఇరువదివేల లోపే వ్యయమగునని ప్రకటించిరి. సంతోషమే. అయిన నంతటి పాదమును మొండికి తగని తొడుగునకు బిగించినచో ఏమి ఫలము?

సర్దుకొను తొడుగు క్రొత్త విద్య కాదు. పూర్వము తోలు తొడుగులకు బూట్లకువలె త్రాళ్లుండెడివి, తొడిగినవాడే బిగించుకొనెడివాడు. గట్టి ప్లాస్టిక్ వచ్చినది, త్రాడు పోయినది. ఇప్పుడు మేజోళ్లపై మేజోళ్లు తొడిగి వదులు పూడ్చుకొనుచున్నారు. మన యెండలలో ఆ మేజోళ్ల చెమట యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. తొడుగు గోడలో ఒకటి రెండు పలకలను విడిగా కోసి, పట్టీతోగాని చిన్న మరతిప్పితోగాని లోనికి బిగించుకొనునట్లు విదేశములలో చేయుచున్నారు. పలకలు కండపై నుండవలెనే గాని మోకాటి ప్రక్క ఎముకముడిపైనను, ముంగాలి యెముక అంచుపైనను ఉండరాదు. స్పర్శ లేనివాడు మితిమీరి బిగించి రక్తప్రసారమును ఆపుకొను ప్రమాదము కలదు గనుక, బిగింపునకు ఒక హద్దు ఏర్పరచి తీరవలెను. ఈ హెచ్చరిక లేకుండ పట్టీలు పంచువారిని మేము మెచ్చము.

మన వాడుక వేరు. పాతబస్తీలో వజూ చేసికొనుటకు దినమునకు పలుమార్లు కాలు విడిచి తొడుగవలసినవారున్నారు. నేలపై దస్తర్‌ఖానా ముందు కూర్చుండవలెను. మోకాలు పూర్తిగ ముడుచుకొనవలెనన్న తొడుగు వెనుక అంచు తగ్గి యుండవలెను. వ్రేళ్లు వణకు ముదుసలి ఒంటిచేత బిగించుకొనునంత పెద్ద పట్టీ కావలెను. ఎంతవరకు బిగించినాడో తెలియుటకు దానిపై గీతలుండవలెను. ఇవి కుట్టుపనివాడును, జీనుపనివాడును చేయగల పనులే.

పనికంటె నిబంధనయే కఠినముగ నున్నది. 1981లో కేంద్రప్రభుత్వము మొదలుపెట్టిన ఉపకరణ సహాయ పథకమునకు 2014లో సవరించిన నియమముల ప్రకారము, ఒకసారి సహాయము పొందినవాడు అదే యుపకరణమునకై మూడేండ్లు ఆగవలెను. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు ఒక యేడు. మొండి ఆరు నెలలలో తరిగిపోవుచుండగ ఈ గడువెవరి లెక్క? కాలు మొత్తమును మూడేండ్లకొకసారి యిత్తురుగాక. తొడుగును మాత్రము వేరుగ నెంచి, తొలియేట రెండుమార్లు మార్చుటకు అనుమతింపవలెను. సర్దుకొను తొడుగునే యిచ్చినచో ఆ ఖర్చును తగ్గును. మూసీ యొడ్డున అఫ్జల్‌గంజిలోని ఉస్మానియా ఆస్పత్రిలో కాలు కోల్పోయి యిల్లు చేరు బీదవారికి, వారమున నొక దినము ఆ యావరణలోనే తొడుగు సరిచేయు పనివానిని కూర్చుండబెట్టుట ప్రభుత్వమునకు భారము కానేరదు. పట్టీలు, కత్తెర, వేడిగాలి యంత్రము, ఒక బల్ల యున్న చాలును.