రక్తపారుడు వ్యాధి అనంతరం కోళ్లలో కొవ్వు జీర్ణశక్తి పునరుద్ధరణ

బ్రాయిలర్ కోళ్లలో రక్తపారుడు వ్యాధికి (కాక్సిడియోసిస్) మందు వాడిన తరువాత రెట్టలో రక్తం ఆగిపోగానే వ్యాధి పూర్తిగా నయమైనదని రైతులు భావించడం సహజం. కానీ దాణా మామూలుగా తింటున్నా బరువు పెరగకపోవడం, కాళ్ల పసుపు రంగు తగ్గి పాలిపోవడం మరికొంత కాలం కొనసాగవచ్చు. ప్రేగు కోలుకోకముందే, కోల్పోయిన బరువును రాబట్టుకోవాలనే తొందరలో దాణాలో నూనె శాతాన్ని పెంచితే ఖర్చు పెరుగుతుందే తప్ప ఫలితం దక్కదు. దీనికి కారణం కొవ్వు శోషణ విధానంలోనే ఉంది.

పిండిపదార్థాలతో పోలిస్తే కొవ్వు రెట్టింపుకు పైగా శక్తినిస్తుంది. అయితే అది నీటిలో కరగదు. కాలేయం నుండి వచ్చే పైత్యరసం కొవ్వును సూక్ష్మ బిందువులుగా విడగొట్టాలి. క్లోమరసంలోని లైపేజ్ ఎంజైమ్ దానిని కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిజరైడ్లుగా మార్చాలి. ఇవి పైత్య లవణాలతో కలిసి మైసెల్లులుగా ఏర్పడి, చిన్నప్రేగులోని చూషకాల కణాలను చేరాలి. క్షీరదాలలో ఇలా శోషణమైన కొవ్వులో అధికభాగం శోషరస నాళాల ద్వారా పయనిస్తుంది. కోళ్లలో ఈ నాళాలు అంతగా వృద్ధి చెందనందున అది నేరుగా కాలేయానికి వెళ్లే సిరలో ప్రవేశిస్తుంది. ఈ దశలలో ఏ ఒక్కటి కుంటుపడినా కొవ్వు రెట్టలోకి పోతుంది.

ఐమీరియా అసెర్వులినా ఆంత్రమూలాన్ని, ఐమీరియా మాక్సిమా చిన్నప్రేగు మధ్యభాగాన్ని దెబ్బతీస్తాయి. కొవ్వు ప్రధానంగా శోషణమయ్యే ప్రాంతాలు ఇవే. చూషకాలు పొట్టివై, శోషణ ఉపరితలం తగ్గిపోతుంది. అంధనాళాలలో రక్తస్రావం కలిగించే ఐమీరియా టెనెల్లా లక్షణాలు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. మొదటి రెండు జాతుల నష్టం మాత్రం రక్తం కనిపించకుండానే జరగవచ్చు. మొక్కజొన్నలోని పసుపు వర్ణకాలు కొవ్వుతో పాటే శోషణమవుతాయి కనుక, కాళ్లు పాలిపోవడాన్ని శోషణ లోపానికి ఒక సూచనగా గమనించవచ్చు.

చూషకాల మొదళ్లలోని కణాలు నిరంతరం విభజన చెందుతూ పై పొరను పునర్నిర్మిస్తాయి. అయితే కొత్తగా పుట్టిన కణాలు పూర్తి శోషణశక్తిని పొందడానికి కొంత వ్యవధి అవసరం. ఈ వ్యవధిలో కొవ్వు పరిమాణం కంటే దాని నాణ్యతకు ప్రాధాన్యమివ్వాలి. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అధికంగా గల సోయా నూనె సులభంగా మైసెల్లులుగా మారుతుంది. సంతృప్త కొవ్వు ఆమ్లాలు అధికంగా గల పశువుల కొవ్వు అంత సులభంగా జీర్ణం కాదు. పైగా దాణాలో కాల్షియం మితిమీరితే ఈ ఆమ్లాలు దానితో కలిసి కరగని సబ్బులుగా మారుతాయి. లెసిథిన్, లైసోలెసిథిన్ వంటి ఎమల్సీకారకాలు, ముఖ్యంగా పైత్యరసం తక్కువగా ఊరే చిన్న పిల్లలలో, ఉపయోగపడగలవు. ముక్కిన నూనెను, నిల్వలో ముక్కిపోయిన తవుడును వాడరాదు.

ధాన్యం ఎంపిక కూడా ముఖ్యమైనదే. గోధుమ, బార్లీలలోని కరిగే పీచు పదార్థాలు ప్రేగులోని ద్రవాన్ని చిక్కబరచి, మైసెల్లుల కదలికను అడ్డుకుంటాయి. మొక్కజొన్న, నూకలలో ఈ సమస్య స్వల్పం. గోధుమను వాడవలసి వచ్చినప్పుడు జైలనేజ్ ఎంజైమ్‌ను చేర్చాలి.

కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్ల శోషణ కూడా తగ్గుతుంది కనుక వీటిని అదనంగా అందించాలి. సల్ఫాక్వినాక్సలిన్ వాడిన మందలో విటమిన్ కె అవసరం మరింత పెరుగుతుంది. ఆంప్రోలియం థయమిన్‌కు విరోధిగా పనిచేస్తుంది కనుక చికిత్స సాగుతున్నప్పుడు బి1 విటమిన్‌ను అధిక మోతాదులో ఇస్తే మందు ప్రభావం తగ్గుతుంది. ఈ రెండు అంశాలలోనూ పశువైద్యుని సలహా తప్పనిసరి.

దెబ్బతిన్న ప్రేగులో క్లాస్ట్రీడియం బాక్టీరియా విజృంభించే ప్రమాదముంది. కొన్ని ప్రేగు బాక్టీరియాలు పైత్య లవణాలను విచ్ఛిన్నం చేయడం వలన కొవ్వు జీర్ణక్రియ మరింత క్షీణిస్తుంది. తడిసిన లిట్టర్‌లో పరాన్నజీవి ఊసిస్టులు పరిపక్వమై తిరిగి వ్యాధిని కలిగిస్తాయి. నీటి తొట్ల చుట్టూ తడి లేకుండా చూడడం, గడ్డకట్టిన లిట్టర్‌ను తొలగించడం, గాలి ధారాళంగా ఆడేటట్లు చేయడం ఎంతో అవసరం. తిరిగి సోకుతున్నంత కాలం ఏ నూనె, ఏ ఎమల్సీకారకం కూడా ప్రేగును కోలుకోనివ్వవు.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు రక్తం ఆగడాన్ని కాక, వరుసగా తూచిన బరువులను, దాణా మార్పిడి నిష్పత్తిని కోలుకున్నదనడానికి ప్రమాణంగా రైతులకు సూచించాలి. ఇవి మెరుగుపడిన పిదపనే దాణాలో నూనెను క్రమంగా పెంచడం లాభదాయకం.